పిల్లల చేతి ఫోను – ఇంటి కట్టుబాటు

మొగల్తూరు, నరసాపురము, భీమవరము ప్రాంతములలో నేడు పెక్కు గృహములయందు ఒక వ్యాజ్యము నడచుచున్నది. వాది తల్లి, ప్రతివాది కుమారుడు, వివాదగ్రస్తమైన ఆస్తి అరచేతి వెడల్పు గల యొక ఫోను. తీర్పు చెప్పవలసిన తండ్రి తన ఫోనులో తాను మునిగియుండుటచే విచారణ ప్రతిదినమును వాయిదా పడుచున్నది. ఈలోపల ఆస్తి ప్రతివాది స్వాధీనముననే యున్నది. పండ్రెండు సంవత్సరములు నిరాటంకముగ అనుభవించినవాడు పరుల భూమినైనను తనదే యని వాదింపగలుగును. పిల్లవానికి అంత కాలము కూడ నక్కరలేదు. ఒక వేసవి సెలవులు చాలును.

పెద్దలు నలుగురు కూడినచోట నెల్ల ఈ విషయమున రెండు వాదములు వినవచ్చుచున్నవి. పిల్లల కసలు ఫోనే యీయరాదని కొందరు. కాలప్రవాహమునకు అడ్డుకట్ట వేయజాలమని కొందరు. మొదటివారి యింటనే పిల్లవా డన్నము తిననని మారాము చేసినప్పుడు ఎదుట ఫోను నిలబెట్టి ముద్దలు పెట్టుచున్నారు. రెండవవారు తాము నివసించుచున్న నేల చరిత్ర మరచినారు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తి కాకపూర్వము ఈ డెల్టా ఒక యేడు వరదకును, మరియొక యేడు క్షామమునకును పాలగుచుండెను. తరువాత మన పెద్దలు ఆనకట్ట నీటితో సేద్యము చేసినది నీటిని నిషేధించియు కాదు, విడిచిపెట్టియు కాదు. లాకులు దించి, వంతులు పెట్టి చేసిరి. ఫోనునకును అట్టి వంతు కావలెననియు, ఆ వంతు ఇంటిల్లిపాదికి నొక్కటే కావలెననియు మా యభిప్రాయము. పిల్లవానికి మాత్రమే విధించినది ఆజ్ఞ యగును. పెద్దలును పాటించినది కట్టుబాటగును. ఆజ్ఞ తల్లి కన్ను మరలినంతనే వీగిపోవుచున్నదని ప్రతి యింటను అనుభవమే.

ముందుగా ఒక మాట. ఈ వస్తువును పిల్లవాడు దొంగిలించి తెచ్చుకొనలేదు. మనమే చేతికిచ్చితిమి. 2016 సెప్టెంబరులో జియో సంస్థ రంగములోనికి దిగిన పిమ్మట ఇంటర్నెట్టు వెల పల్లెటూరి కూలివానికి సైతము అందునంతగా పడిపోయెను. అదే సంవత్సరము డిసెంబరులో, నరసాపురమునకు ఎదుట వశిష్ఠ కావలి యొడ్డున, సఖినేటిపల్లి మండలములోని మోరి గ్రామమున ప్రభుత్వమువారు ఇంటింటికి ఫైబరు తీగ కల్పించి, నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టును టెలివిజనును ఇచ్చుచున్నామని చాటిరి. మనమందరమును సంతోషించితిమి, సంతోషింపదగినదే. 2020 మార్చిలో మహమ్మారి వలన పాఠశాలలు మూతపడినప్పుడు ఫోనే బడి యయ్యెను. ఫోను లేని పిల్లవాడు చదువు లేనివాడయ్యెను. అప్పులు చేసి కొనియిచ్చిన తండ్రులను మే మెరుగుదుము. 2022 డిసెంబరు 21వ తేదీన బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రారంభించి, రాష్ట్రప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులను పంచిపెట్టెను. బడి తెరచిన తరువాత ఫోనును తిరిగి యిచ్చివేయుమని చెప్పుట మాత్రము ఎవరికిని జ్ఞాపకము రాలేదు.

అన్నింటికిని పూర్వము సినిమాను గూర్చియు మన తాతలు ఇట్లే భయపడిరి గదా యని కొందరు నవ్వుదురు. నిజమే. కృష్ణంరాజును, చిరంజీవిని కన్న మొగల్తూరు తెరమీది బొమ్మలను తిట్టిన ఎవరును నమ్మరు. బొమ్మ చూచుట వలన ఊరు చెడలేదు. ఊరికి పేరు వచ్చినది. కాని సినిమాకును ఫోనుకును గల భేదమును గమనింపవలెను. సినిమాకు టిక్కెట్టు కొనవలెను, ఊరు దాటి పోవలెను, మూడు గంటలకు 'శుభము' అని పడును, దీపములు వెలుగును, నలుగురితో మాటలాడుకొనుచు నడచి యింటికి రావలెను. ఫోనులోని బొమ్మకు శుభము లేదు. ఒక వీడియో ముగియకమునుపే రెండవది తనంత తాను ప్రారంభమగును. రీల్సు అను పొట్టి బొమ్మలు వ్రేలితో త్రోసినకొలది వచ్చుచునే యుండును. పుస్తకమునకు వలె చివరి పుట యుండదు. పది నీరసమైన వాటి తరువాత పదునొకండవది నవ్వించును. ఎప్పుడు నవ్వించునో తెలియకుండుటయే దాని వలపు. సంక్రాంతి బరులలో ఈసారి మన కోడియే గెలుచునని నాలుగు పందెములు పోగొట్టుకొన్నవాడు ఐదవదానికి నిలబడుట చూచినవారికి ఇది వేరుగ వివరింపనక్కరలేదు. వయసు వచ్చిన వానికే బరి వదలి వచ్చుట కష్టముగ నుండగా, పదేండ్ల బాలుడు తనంత తాను ఆపవలెననుట ఎట్టి న్యాయము?

ఆటల సంగతి మరికొంత వేరు. పిల్లవా డాడుచున్న ఆట యేదో, అది యెట్లు నడచునో తల్లిదండ్రులు తెలిసికొనకయే కేకలు వేయుచున్నారు. మన బాలురలో విస్తారముగ వ్యాపించిన బీజీఎంఐ అను తుపాకుల ఆటనే తీసికొందము. నూరుగురు ఒక దీవిలో దిగుదురు. ఒక్కరో, ఒక్క జట్టో మిగులువరకు పోరుదురు. పూర్తి యగుటకు సుమారు అరగంట పట్టును. నడుమ ఆపి, అన్నము తిని, మరల వచ్చి యాడుటకు వీలులేదు. జట్టులోని ముగ్గురు నేస్తములు భీమవరములో నొకడు, పాలకొల్లులో నొకడుగ నుందురు. ఇరువది యైదవ నిమిషమున తల్లి వచ్చి ఫోను లాగికొనిన, ఆ బాలుడు తన జట్టును నడిరంగమున విడిచి పారిపోయినవాడగును. మరునాడు బడిలో తలయెత్తలేడు. అతని కోపమునకు కారణ మిది. తల్లి దీనిని పొగరనుకొనును. కావున ఇట్టి ఆటకు నిమిషములు లెక్కించుటకంటె ఆటలు లెక్కించుట మేలు. "ఈ సాయంకాల మొక్క ఆట, ఏడు గంటల తరువాత క్రొత్త ఆట మొదలుపెట్టరాదు" అనిన, అందులో న్యాయమున్నదని బాలుడే యొప్పుకొనును. మాట ఇచ్చినవాడు నిలుపుకొనుటకు త్రోవ యున్నది.

ఆ యాట నడపు కంపెనీవారును పదునెనిమిదేండ్లు నిండని వారికి ఒక హద్దు పెట్టియున్నారు. దినమునకు మూడు గంటలట! వారమునకు ఇరువదియొక్క గంటలు. బడిలో లెక్కలకును తెలుగునకును కలిపి ఇంత కాలము దొరకదు. ఆ హద్దు సైతము పిల్లవాడు తన వయస్సు తాను నిజముగ చెప్పినచో వర్తించును. తండ్రి నంబరుతో తెరచిన ఖాతాలో పండ్రెండేండ్లవాడు నలువది యేండ్ల గృహస్థుగ నమోదై తెల్లవార్లు కాల్చుచున్నాడు.

శాసనములు లేవా యని అడుగుదురు. ఉన్నవి, వాని హద్దు తెలిసికొనుట యవసరము. దేశభద్రత కారణముగ కేంద్రప్రభుత్వము 2020 సెప్టెంబరు 2న పబ్జీని, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైరును నిషేధించెను. మొదటిది 2021 జూలైలో బీజీఎంఐ యను క్రొత్త పేరున వచ్చెను. 2022 జూలైలో మరల తొలగింపబడి, 2023 మే నెలలో మరల తిరిగి వచ్చెను. రెండవది మాక్స్ అను తోకతో కొనసాగెను. డబ్బు పెట్టి యాడు రమ్మీ, పోకరు వంటి ఆన్‌లైను పందెములను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను శాసనపూర్వకముగ నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి వర్తించు చట్టము చేసినది. డబ్బు పందెపు ఆటలు నడపువారికి మూడేండ్ల వరకు కారాగారము, కోటి రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ఈ చట్టమును మేము హృదయపూర్వకముగ ఆహ్వానించుచున్నాము. దీనివలన కొన్ని కొంపలైనను నిలుచును. కాని వినోదపు ఆటలను, పోటీక్రీడలను ప్రోత్సహించుటయు ఆ చట్టము ఉద్దేశములలో నొకటి. మన పిల్లవా డాడునది ఆ రెండవ తరగతిలోనిదే. అతని చేతిలోని ఆట చట్టసమ్మతము. కాలమును హరించుట ఏ శిక్షాస్మృతిలోను నేరము కాదు.

మా వృత్తికి సంబంధించిన మరియొక చిత్రమును చెప్పక పోజాలము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ననుసరించి మైనరు చేసిన యొప్పందము చెల్లదు; 1903లో ప్రీవీ కౌన్సిలువారు మొహరీ బీబీ దావాలో దానిని నిష్కర్షగ తేల్చిరి. మైనరు వ్రాసిన ప్రామిసరీ నోటు నమ్మి పది రూపాయలైనను ఎవడును అప్పీయడు. అట్టి మైనరు, ఫోను తెరపై 'అంగీకరించుచున్నాను' అను గడి నొక్కినంతనే, అతడేమి చూచునో, ఎంతసేపు చూచునో, ఎప్పుడు మేలుకొనియుండునో సమస్తమును కంపెనీ ఖాతాలలోనికి పోవుచున్నది. 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము తొమ్మిదవ సెక్షను ఈ లోపమును పూరింపజూచినది. పదునెనిమిదేండ్ల లోపువారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి కావలెననియు, పిల్లల నడవడిని వెంటాడి గమనింపరాదనియు, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపరాదనియు అందు కలదు. మంచి సెక్షను. కాని సమ్మతి యీయవలసిన తండ్రి చదువక నొక్కువాడైనచో శాసనకర్త లేమి చేయుదురు?

ఇతర దేశముల యనుభవము చూడుడు. దక్షిణ కొరియా 2011లో పదునారేండ్ల లోపు బాలురు అర్ధరాత్రి మొదలు ఉదయ మారు వరకు ఆన్‌లైను ఆటలాడరాదని చట్టము చేసెను. పిల్లలు తల్లిదండ్రుల గుర్తింపు సంఖ్యలతో ప్రవేశించిరి. ఆట కంప్యూటరు నుండి ఫోనునకు మారెను. పదేండ్లు చూచి, 2022 ఆరంభమున ఆ చట్టమును రద్దుచేసిరి. చైనా 2021లో మరింత కఠినముగ, శుక్ర శని ఆదివారములందును సెలవు దినములందును రాత్రి ఎనిమిది నుండి తొమ్మిది వరకు మాత్రమే మైనర్లు ఆడవచ్చునని శాసించెను. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుండి పదునారేండ్ల లోపువారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలు ఉండరాదని, ఆ బాధ్యత కంపెనీలదే యని అమలు జరుప నారంభించెను. 2026 జనవరిలో దావోసునందు మన రాష్ట్ర విద్యామంత్రి నారా లోకేశ్ ఆస్ట్రేలియా పద్ధతిని పరిశీలించుచున్నామని పలికిరి. పరిశీలింపవలసినదే. కంపెనీల మెడలు వంచుట ప్రభుత్వముల పని. కాని రాత్రి పది గంటలకు దుప్పటి క్రింద ఏమి జరుగుచున్నదో చూచుటకు ఏ మంత్రియు రాడు, రాకూడదు కూడను. ఇంటి గడపలోనికి పోలీసును పిలిచి పిల్లలను పెంచు దినము మాకు వలదు.

ఇక మన ప్రాంతమునకు ప్రత్యేకమైన యొక చిక్కు కలదు. దీనిని పట్టణములలో కూర్చుండి పిల్లల పెంపకమును గూర్చి ఉపన్యసించువారు ఎరుగరు. నరసాపురము, మొగల్తూరు మండలముల నుండియు, ఏటి కావలి కోనసీమ నుండియు వేలకొలది కుటుంబములలో తల్లియో, తండ్రియో గల్ఫు దేశములందున్నారు. ఇంటిపనులకై అచ్చటికి పోవు స్త్రీకి ముప్పది యేండ్లు నిండియుండవలెనని భారతప్రభుత్వపు నిబంధన. స్త్రీరక్షణకై చేసినదే; కాని దాని ఫలితముగ పోవువారిలో పెక్కురు బడియీడు బిడ్డల తల్లులే. బిడ్డలు అమ్మమ్మ యొద్దనో, మామ్మ యొద్దనో పెరుగుదురు. ఆ తల్లి కువైటు నుండి పంపిన మొదటి రెండు మూడు నెలల జీతముతో ఇంటికి వచ్చు వస్తువు ఫోను. తన బిడ్డ ముఖము చూచుకొనుటకు పంపినది. దానిని ఆటవస్తువని ఎవడనగలడు?

చిక్కు గడియారముతో మొదలగును. కువైటు గడియారము మనదానికి రెండున్నర గంటలు వెనుక. యజమాని యింట రాత్రి భోజనములు ముగిసి, పాత్రలు కడిగి, ఆమె తన గదికి చేరునప్పటికి అచ్చట పది, ఇచ్చట పండ్రెండున్నర. ఆ పిలుపునకై బిడ్డ మేలుకొనియుండును. మేలుకొన్నవాడు గోడలు చూచుచు కూర్చుండునా? తల్లి ముఖము కనబడు తెరమీదనే తుపాకుల ఆటయు నున్నది, రీల్సును ఉన్నవి. పిలుపు వచ్చును, ఐదు నిమిషములు మాటలాడుదురు, ఆమె అలసి నిద్రించును. బాలునికి నిద్ర తేలిపోయియుండును. మరునాడు మొదటి పీరియడునందు అతడు బల్లమీద తల వాల్చిన, పంతులుగారు ఆటల పిచ్చి యని వ్రాసికొందురు. అమ్మమ్మ చదువరి కాదు. తెరమీద కదలునది పాఠమో పందెమో ఆమె కెట్లు తెలియును? "బడివారు పెట్టిన పాఠమే అమ్మమ్మా" యని చెప్పిన నమ్మును. గద్దించిన, "అమ్మతో చెప్పుదును" అను బెదిరింపు సిద్ధముగ నున్నది. దూరముననున్న తల్లియో, బిడ్డను విడిచి వచ్చితినను నొప్పిచే, వలదను మాట పలుకుటకు తనకు హక్కు లేదనుకొని, పోయిన సంవత్సరముకంటె ఖరీదైన ఫోను పంపుచున్నది.

ఆ తల్లికి మేము చెప్పున దొక్కటి: వలదను హక్కు మీకు పూర్తిగ నున్నది. బిడ్డయు లోలోపల ఆ మాటకే ఎదురుచూచుచున్నాడు. ఆ మాట పలుకువారు తనకు గలరని తెలిసికొనవలెనని యున్నది. ఇందుకు సాధనములును ఉన్నవి. ఆండ్రాయిడు ఫోనులలో ఫ్యామిలీ లింకు అను ఉచితమైన యేర్పాటు కలదు. బిడ్డ ఫోను రాత్రి ఎన్ని గంటలకు మూతపడవలెనో, ఏ ఆటకు ఎంత కాలమో, కువైటులో నున్న తల్లి తన ఫోను నుండియే నిర్ణయింపవచ్చును. పిలుపులు మాత్రము వచ్చునట్లు విడువవచ్చును. ఇంటికి వచ్చినప్పుడు బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అతడు చూచుచుండగనే దీనిని అమర్చవలెను. దొంగచాటుగ అమర్చినది కాపలా యగును, బిడ్డ దానిని త్రెంచు మార్గము వెదకును. పిలుచు వేళను మార్చుట అంతకంటె ముఖ్యము. ఇచ్చట సాయంకాల మైదు గంటలనగా అచ్చట మధ్యాహ్నము రెండున్నర. భోజనములైన పిదప పావుగంట విరామము దొరకు ఇండ్లు అచ్చట లేకపోలేదు. కువైటు 2015లో చేసిన చట్టము ఇంటిపనివారికి వారమున కొకదినము సెలవీయవలెననుచున్నది. చట్టము కాగితముపై నున్నంత నిండుగ ఇండ్లలో నుండదని మే మెరుగుదుము. ఐనను సెలవు దొరకిన వారము, ఆ దినము తీరికగ గంటసేపు మాటలాడుట, ప్రతి రాత్రి అర్ధరాత్రి ఐదు నిమిషములకంటె బిడ్డకు ఎక్కువ ఆహారము. భారత శిశువైద్యుల సంఘము 2021లో చేసిన సూచనలలో రెండేండ్ల లోపు శిశువునకు తెర అసలే చూపరాదని చెప్పుచు, బంధువులతో అప్పుడప్పుడు చేయు వీడియో పిలుపులకు మినహాయింపు నిచ్చినది. వైద్యులకును ఈ హృదయము తెలిసియే యున్నది. తల్లితో మాటలాడిన కాలమును లెక్కలో వేయరాదు.

ఆ సంఘము సూచనలే తక్కిన వయస్సులకును మనకు కొలబద్దగ చాలును: రెండు నుండి ఐదేండ్ల వరకు దినమున కొక గంట మించరాదు; ఐదు నుండి పదేండ్ల వరకు రెండు గంటలకు లోపు; ఆపై వారికి నిద్ర, ఆట, చదువు, ఇంటివారితో మాట, వీనిలో ఏదియు తరిగిపోకుండ. భోజనవేళను, నిద్రకు ముందొక గంటయు తెర యుండరాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆటల వ్యసనమును 2019లో రోగముల పట్టికలో చేర్చిన మాట నిజమే. కాని ఆడకుండ నుండలేకపోవుట, ఆటకై తక్కిన సమస్తమును విడుచుట, కీడు కనబడుచున్నను ఆపలేకపోవుట సుమారు ఏడాది కొనసాగినప్పుడే దానికి ఆ పేరు. సాయంకాల మొక గంట ఆడిన పిల్లవానిని రోగి యనుట తప్పు. నిజముగ చెడుచున్నది నిద్ర. గంటలెన్నియని తగవులాడుటకంటె, రాత్రి ఫోను ఎచ్చట పడుకొనునో నిర్ణయించుట మంచిదని మేము చెప్పుచున్నాము.

తొమ్మిది గంటలకు ఇంటనున్న ఫోనులన్నియు ముందు గదిలో ఒకే చోట ఛార్జింగునకు పెట్టవలెను. అన్నియు ననగా అన్నియు. ఇచ్చటనే గృహస్థులు తడబడుదురు. రొయ్యల చెరువులున్న వా డొకడు మాతో వాదించెను: "రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిన, కాపలావాడు ఎవరికి ఫోను చేయవలెను?" ప్రశ్న న్యాయమైనదే. తెల్లవారకమునుపే లక్షల సరుకు చచ్చి తేలును. కాని కాపలావాని పిలుపు అందుటకు మీటల ఫోను చాలును. దానిలో రీల్సు రావు. ఆ గృహస్థు అట్లే చేసి, తన పెద్దఫోనును పిల్లవాని ఫోను ప్రక్కన పెట్టుచున్నాడు. మొదటి వారము పిల్లవాడుగాక తానే నాలుగుసార్లు లేచి ముందు గదిలోనికి పోయితినని చెప్పినప్పుడు మేమందరమును నవ్వితిమి.

చదువునకై ఫోను కావలెనను వాదమును లెక్కలతో చూతము. 2024 అసర్ నివేదికలో, దేశమందలి గ్రామీణ ప్రాంతములలో 14 నుండి 16 ఏండ్ల వారిలో నూటికి 82 మందికి స్మార్టుఫోను వాడుట వచ్చును. అంతకు ముందు వారములో చదువునకై వాడినవారు నూటికి 57. సామాజిక మాధ్యమములకై వాడినవారు 76. చదువునకై వాడినవా రుండుట సంతోషమే. కావుననే ఫోనును నిషేధింపుమని మే మనుట లేదు. కాని పాఠశాలలవారికి ఒక విన్నపము: ఇంటిపనిని రాత్రి ఎనిమిదింటికి వాట్సాపులో పంపు అలవాటు మానుడు. పలకమీదను నోటుపుస్తకములోను వ్రాయింపదగిన దానిని ఫోనునకు పంపి, పగలు 'ఫోను చూడకుము' అని ఉపన్యసించిన బాలుడు ఏది వినవలెను?

ఆ నివేదికలోనే మరియొక సంఖ్య కలదు. ఫోను వాడనేర్చిన ఆ వయస్సు వారిలో స్వంత ఫోను గల బాలురు నూటికి 36, బాలికలు 27. మన యిండ్లలో ఫోనుపై కట్టడి యనిన తొలుత ఆడపిల్లమీద పడును. కొడుకు తెల్లవార్లు ఆడినను మగపిల్లవాడనుకొందురు. కూతురు పది నిమిషములు చూచిన, ఎవరితో మాటలాడుచున్నావని ఆరా. ఇది కాలమును గూర్చిన కట్టుబాటు కాదు, అనుమానము. కేరళలో ఒక కళాశాల హాస్టలునందు సాయంకాల మారు నుండి పది వరకు విద్యార్థినుల ఫోనులు తీసికొనుచుండగా ఒక విద్యార్థిని ఎదిరించెను. హాస్టలు నుండి వెడలగొట్టిరి. ఆమె హైకోర్టు కెక్కెను. ఇంటర్నెట్టు నుపయోగించుకొను హక్కు విద్యాహక్కులోను, వ్యక్తిగత గోప్యతలోను భాగమని 2019 సెప్టెంబరులో ఆ న్యాయస్థానము తీర్పు చెప్పి ఆమెను మరల చేర్చుకొనుమనెను. ఆమె వయస్సు వచ్చిన కళాశాల విద్యార్థిని. పదేండ్ల పిల్లల సంగతి వేరు. ఐనను గృహస్థులు ఆ తీర్పునుండి గ్రహింపవలసిన దున్నది. తొమ్మిది గంటలనిన కొడుకునకును తొమ్మిదియే, కూతునకును తొమ్మిదియే.

చివరగా, చేతినుండి ఫోను తీసిన తరువాత ఆ చేతిలో ఏమి పెట్టుదుము? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పక కట్టుబాట్లు బోధించువారు సగము మాటయే చెప్పినవారగుదురు. మొగల్తూరు చుట్టుప్రక్కల చెడుగుడు, బిళ్ళంగోడు ఆడిన వరిచేలు పెక్కు రొయ్యల చెరువులైనవి. గట్లమీద కరెంటు తీగలు. పిల్లలను అటు పోవలదని మనమే చెప్పుచున్నాము, చెప్పుట యుక్తమే. కాలువలో ఈదుటకు నీరు బాగులేదు. సాయంకాలము ఐదింటికి బడి నుండి వచ్చినవాడు ఎచ్చటికి పోవలెను? పాఠశాల ఆవరణ గేటునకు అప్పటికే తాళము పడుచున్నది. ఆ తాళము ఏడింటివరకు తీసియుంచుటకు ప్రధానోపాధ్యాయుడు, పంచాయతి సభ్యులు, పాఠశాల కమిటీ తల్లిదండ్రులు ఒక్కనాడు కూర్చుండిన చాలును. రెండు దీపములు, ఒక వాలీబాలు వల, వంతులవారీగ నిలబడుటకు ఇద్దరు పెద్దలు. వ్యయ మొక మంచి ఫోను వెలకు మించదు.

పఠనమందిరముల మాటయు ఇట్లే. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి మన యింటిపన్నుతో గ్రంథాలయపు పన్ను చెల్లించుచునే యున్నాము. చెల్లించినదానికి పిల్లల బల్ల యొకటి, బొమ్మల పుస్తకములు, చదరంగపు పలకలు నాలుగు, సాయంకాలము తెరచియుండు వేళ అడుగుట భిక్ష కాదు. ఇది చదువుచు పఠనమందిరమున కూర్చున్న మహాశయులు ప్రక్కకు చూచిన, పదునైదేండ్లవా డొక్కడైనను ఆ బల్లలయొద్ద నున్నాడో లేడో తెలియును. లేకున్న, రేపు వచ్చునప్పుడు తమ మనుమనినో, పొరుగింటి బాలునో వెంటబెట్టుకొని రావచ్చును. ఫోను ముందు గదిలో పెట్టి. వేసవి సెలవులు మొదలైన పిమ్మట ఆలోచింపవచ్చుననుకొన్న, అప్పటికి ప్రతివాది స్వాధీనము స్థిరపడియుండును.